కొత్త కన్సోల్‌కి మొదటి పోటీ పాత కన్సోల్ నుంచే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒక గేమ్ కంపెనీ కన్సోల్ (గేములు ఆడే మెషిన్) బ్రహ్మాండంగా అమ్ముడైంది. ఇప్పుడది ఏడో ఏట పడింది, అమ్మకాలు తగ్గుముఖం పట్టాయి. తర్వాతి కన్సోల్ విషయంలో ఏ దారి పట్టాలి? ఇంకా శక్తిమంతమైన చిప్‌తో వెళ్లాలా, ఎవరూ చూడని కొత్త తరహా మెషిన్ చేయాలా, లేక హార్డ్‌వేర్‌ని తగ్గించుకుని క్లౌడ్ (గేమ్ దూరంగా ఉన్న సర్వర్ల మీద నడిచి ఇంటర్నెట్ ద్వారా తెర మీదకి రావడం), సబ్‌స్క్రిప్షన్ల వైపు మళ్లాలా?

సూటిగా చెప్తాను. ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పాత కన్సోల్ మీద ఆడుతున్నవాళ్లు తమ గేములతో, సేవ్‌లతో (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న ఫైళ్లతో), స్నేహితుల జాబితాతో సహా కొత్తదానికి మారగలరా? మారడానికి వాళ్లకి గట్టి కారణం ఉందా? ఈ రెండింటికీ "అవును" అని చెప్పగలిగితే మిగతా లోపాలు సరిదిద్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కాబట్టి నా సలహా ఇది. పాత లైబ్రరీ నడిచే మెషిన్ చేయండి. ధర పెద్దగా నష్టం లేని చోట పెట్టండి. మొదటి ఏడాదికి సరిపడా సొంత గేములు చేతికొచ్చాకే లాంచ్ చేయండి. పాత కన్సోల్‌ని ఇంకో రెండు మూడేళ్లు బతకనివ్వండి. కొత్త తరహా కంట్రోలరో, ఇంకేదైనా ప్రయోగమో చేయాలనుకుంటే అది ఈ పునాది మీదే చేయాలి.

ఎందుకిలా అంటున్నానో చెప్పాలంటే నేను ఎటువైపు కూర్చుని చూశానో చెప్పాలి. నాది పబ్లిషింగ్ వైపు, అంటే గేములకి డబ్బు పెట్టి మార్కెట్లోకి తెచ్చే వైపు అనుభవం. ఏ గేమ్‌ని ఏ కన్సోల్‌కి తేవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని తేల్చే మీటింగుల్లో చాలా ఏళ్లు గడిపాను. కన్సోల్ కంపెనీవాళ్లు వచ్చి కొత్త మెషిన్ డెమో చూపించి వెళ్లాక గదిలో ఒక స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. మొదటి వరుసలో పాత కన్సోల్ ఉంటుంది, పది కోట్ల ఇళ్లలో ఉందనుకోండి. రెండో వరుసలో కొత్తది: లాంచ్ రోజున సున్నా, ఏడాది తిరిగేసరికి కోటి, అన్నీ కలిసొస్తే కోటిన్నర. పక్క గడిలో గేమ్‌ని అక్కడికి తేవడానికయ్యే ఖర్చు. అమ్మకాల టీమ్ నుంచి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "పది కోట్ల మందిని పక్కన పెట్టి కోటి మంది కోసం ఎందుకు చేయాలి?"

గ్రాఫిక్స్ బాగుంటాయన్న జవాబు ఆ గదిలో పనిచేయదు. అదే సమయంలో ఆటగాడి ఇంట్లో కూడా అదే ప్రశ్న నడుస్తుంటుంది, "ఉన్నది బాగానే పనిచేస్తోంది కదా" అని. పబ్లిషర్లు ఆటగాళ్ల కోసం చూస్తారు, ఆటగాళ్లు గేముల కోసం చూస్తారు. ఈ ముడి విప్పాల్సింది కన్సోల్ కంపెనీయే. అందుకే ఎదుటి కంపెనీ కంటే ముందు తన పాత పెట్టెతోనే దానికి పోటీ.

సోనీ 2000లో తెచ్చిన ప్లేస్టేషన్ 2 ఈ ముడిని ఎలా విప్పిందో చూడండి. మొదటి నెలల్లో దానికంటూ వచ్చిన గేములు అంత గొప్పగా ఏమీ లేవు. అయినా జనం కొన్నారు. మొదటి ప్లేస్టేషన్ డిస్కులు అందులో నడిచాయి, పైగా డీవీడీ ప్లేయర్‌గా పనికొచ్చింది. మంచి గేములు వచ్చేదాకా ఆ పెట్టె టీవీ పక్కన ఊరికే పడి ఉండలేదు. అలా ఇళ్లలోకి చేరాక పబ్లిషర్లు వెతుక్కుంటూ వచ్చారు. 15 కోట్లు దాటి, ఇప్పటికీ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన కన్సోల్ అదే.

ఇక్కడ మీరు అడ్డుపడవచ్చు: "నింటెండో కంపెనీ కన్సోల్ వీ యూ (Wii U)లో దాని ముందు కన్సోల్ వీ (Wii) గేములు నడిచాయి కదా, మరి అదెందుకు దెబ్బతింది?" న్యాయమైన ప్రశ్న. వీ 10 కోట్లు దాటిన కన్సోల్. 2012లో వచ్చిన వీ యూ 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది. గేములు నడిచాయి, పాత కంట్రోలర్లు కూడా పనిచేశాయి. లోపం మారడానికి గట్టి కారణం ఉందా అన్న ప్రశ్న దగ్గర. పేరు చూసి, ప్రకటనల్లో ఆ స్క్రీన్ ఉన్న కంట్రోలర్‌ని చూసి, ఇది పాత వీకి తగిలించుకునే కొత్త సామానేమో అనుకున్నవాళ్లు చాలామంది. అది కొత్త కన్సోల్ అని తెలిసినవాళ్లకి కూడా దాని మీద మాత్రమే ఆడగలిగే గేములు మొదటి ఏడాదిలో సరిపడా దొరకలేదు. దారి వేశారు గానీ, ఆ దారిలో నడవడానికి కారణం చూపించలేకపోయారు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది ఇంకా బలమైనది. ప్లేస్టేషన్ 4లో ప్లేస్టేషన్ 3 డిస్కులు నడవలేదు, వీ యూ తర్వాత నింటెండో తెచ్చిన స్విచ్‌లో వీ యూ డిస్కులు నడవలేదు. రెండూ ఘనవిజయాలే. స్విచ్ సంగతి తేలిక: వీ యూ కొన్నవాళ్లే తక్కువ, కాబట్టి వెంట తీసుకెళ్లాల్సిన జనం పెద్దగా లేరు. పైగా వీ యూలో కొద్దిమందికే చేరిన మంచి గేముల్ని స్విచ్ మీద మళ్లీ అమ్ముకున్నారు. మారియో కార్ట్ 8 డీలక్స్ అలా వచ్చిందే, ఆరు కోట్ల కాపీలు దాటింది. ప్లేస్టేషన్ 4 సంగతి వేరు. 2013 నాటికి చాలామంది లైబ్రరీ ఇంకా డిస్కుల రూపంలో అరలోనే ఉండేది, అకౌంట్‌కి అతుక్కుని ఉండేది కాదు. పైగా ఎదుటివాళ్లు, అంటే మైక్రోసాఫ్ట్, కలిసొచ్చేలా చేశారు: ఎక్స్‌బాక్స్ వన్‌ని కైనెక్ట్ (ఆటగాడి కదలికల్ని పట్టే కెమెరా)తో కలిపి 499 డాలర్లకు పెట్టి, వాడిన డిస్కుల మీద, ఆన్‌లైన్ కనెక్షన్ మీద ఆంక్షలు ప్రకటించి, గోల మొదలయ్యాక వెనక్కి తీసుకున్నారు. సోనీ 399 డాలర్లతో వచ్చింది. ఎదుటివాళ్లు ఇలా తడబడతారని లెక్కేసుకుని మాత్రం ఎవరూ ప్లాన్ వేసుకోకూడదు.

అప్పటికీ ఇప్పటికీ మారింది ఈ అకౌంట్ వ్యవహారమే. ఈరోజు ఒక ఆటగాడు ఏడేళ్లుగా కొన్న గేములు, అందులో పెట్టిన డబ్బు, సాధించిన ట్రోఫీలు అన్నీ ఒక అకౌంట్‌లో ఉన్నాయి. వాటిని కొత్త మెషిన్ గుర్తించకపోతే అతను మీ కంపెనీ కొత్త కన్సోల్‌నీ, పోటీ కంపెనీ కన్సోల్‌నీ ఒకే కళ్లతో చూస్తాడు. మా సొంత గేముల్లో ఒకదానికి పాత, కొత్త కన్సోళ్ల వెర్షన్లు ఒకేసారి వచ్చాయి, కానీ సేవ్ ఫైల్, దాంతోపాటు ఆటలో కట్టుకున్న టీమ్, పాతదాని నుంచి కొత్తదానికి వెళ్లేది కాదు. కొత్త మెషిన్ కొన్నవాళ్లలో చాలామంది ఆ గేమ్‌ని పాతదాని మీదే ఆడుతూ ఉండిపోయారు. సపోర్ట్‌కి వచ్చిన మెయిల్స్‌లో గ్రాఫిక్స్ ఊసే లేదు, అన్నింటిలో ఒకటే మాట: "నా టీమ్ ఏమైపోయింది?"

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2ని ఈ కోణంలో చూస్తే అర్థమవుతుంది. 449.99 డాలర్లు, అంటే మొదటి స్విచ్ కంటే 150 డాలర్లు ఎక్కువ. రూపంలో పెద్ద కొత్తదనం లేదు. పేరులో 2 అంకె, పాత గేముల్లో చాలా భాగం నడవడం, మొదటి రోజునే మారియో కార్ట్ వరల్డ్. నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా అమ్ముడైంది. వీ యూ దగ్గర తిన్న దెబ్బ నుంచి నేర్చుకున్న పాఠం ప్రతి నిర్ణయంలోనూ కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. "కన్సోల్ నష్టానికి అమ్మి గేముల మీద లాభం తీస్తారు" అనే మాట మీరు వినే ఉంటారు. నిజమే, కానీ లెక్క వేసి చూడకుండా ఆ మాట నమ్మేవాళ్లు ఎక్కువ. ఒక బయటి పబ్లిషర్ గేమ్ 70 డాలర్లకు డిజిటల్‌గా అమ్ముడైతే, మామూలుగా 30 శాతం, అంటే 21 డాలర్లు, కన్సోల్ కంపెనీకి వెళ్తాయి. ఒక్కో పెట్టె మీద 100 డాలర్లు నష్టపోతే, ఆ ఇంట్లో అలాంటి గేములు ఐదు పూర్తి ధరకి అమ్ముడయ్యాకే ఆ నష్టం పూడుతుంది. పేమెంట్ ఖర్చులు, సర్వర్లు, ప్రకటనలు ఇందులో కలపలేదు. జనంలో చాలామంది గేములు డిస్కౌంట్‌లో కొంటారు. ఏళ్ల తరబడి ఒకే ఒక్క ఉచిత గేమ్ ఆడేవాళ్లూ ఉంటారు. వాళ్లు లోపల ఖర్చు పెడితే సరే, లేకపోతే ఆ 100 డాలర్లు ఎప్పటికీ తిరిగి రావు.

ఇంతకుముందు ఈ నష్టాన్ని కాలమే పూడ్చేది. చిప్‌లు ఏటేటా చిన్నవై చవకయ్యేవి, కాబట్టి మొదటి రెండేళ్లు ఓర్చుకుంటే చాలు. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 299 డాలర్లతో మొదలై 2009 నాటికి 99కి దిగింది. ఆ ప్రపంచం ఇప్పుడు లేదు. ప్లేస్టేషన్ 5 2020లో 499.99 డాలర్లకు వచ్చి, 2025 ఆగస్టులో అమెరికాలో 549.99కి పెరిగింది. ఎక్స్‌బాక్స్ ధరలు 2025లోనే రెండుసార్లు పెరిగాయి. చిప్ తయారీ ఖర్చు, మెమరీ ధరలు, సుంకాలు అన్నీ ఒకేవైపు నెడుతున్నాయి. కాబట్టి "ఇప్పుడు నష్టానికి ఇద్దాం, మూడో ఏట చవకవుతుంది" అని ఎవరైనా ప్లాన్ తెస్తే, ఆ మూడో ఏట ఏ భాగం ఎందుకు చవకవుతుందో ఒక్కొక్కటీ రాసి చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ ప్లాన్ పక్కన పెట్టండి.

ధర ఎక్కువ పెట్టి పట్టు నిలుపుకోలేకపోవడం కూడా ప్రమాదమే. నింటెండో చేతి కన్సోల్ 3డీఎస్ 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు వచ్చింది, అమ్మకాలు మందగించాయి. ఆగస్టులోనే 169.99కి తగ్గించాల్సి వచ్చింది. ముందే కొన్నవాళ్లకి కోపం రాకుండా 20 పాత గేములు ఉచితంగా ఇచ్చారు, అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగం తగ్గించుకున్నారు. ఆ తర్వాత సొంత గేములు వరుసగా వచ్చి ఆ మెషిన్ గట్టెక్కింది. ధర తగ్గించడమే కాపాడిందని చాలామంది రాస్తారు. నా దృష్టిలో ఆ ఏడాది చివర్లో వచ్చిన మారియో గేములదే పెద్ద పాత్ర.

అందుకే లాంచ్ తేదీని నిర్ణయించాల్సింది సాఫ్ట్‌వేర్ టీమ్. మార్కెటింగ్‌వాళ్లకి పండగ సీజన్ కావాలి, ఫైనాన్స్‌వాళ్లకి ఈ ఆర్థిక సంవత్సరంలోనే కావాలి, హార్డ్‌వేర్‌వాళ్లకి చిప్ చేతికొచ్చిన రోజే కావాలి. వీళ్లందరి ఒత్తిడికి లొంగి తొందరపడితే ఏమవుతుందో అప్పట్లో కన్సోళ్లు చేసిన సెగా కంపెనీ చూపించింది. 1995 మేలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 గేముల ప్రదర్శన వేదిక మీద, తమ కొత్త కన్సోల్ "శాటర్న్ ఈరోజు నుంచే దొరుకుతుంది" అని హఠాత్తుగా ప్రకటించారు. అసలు చెప్పిన తేదీ సెప్టెంబరు. స్టాక్ కొద్ది షాపులకే అందింది, మిగతా షాపులవాళ్లు మండిపడ్డారు, బయటి డెవలపర్ల గేములు ఇంకా తయారే కాలేదు. అదే రోజు సోనీ తన కన్సోల్ ధర 299 అని చెప్పింది, శాటర్న్ 399. నాలుగు నెలలు ముందు రావడం వల్ల ఒరిగిందేమీ లేదు. తర్వాత వచ్చిన డ్రీమ్‌కాస్ట్ మంచి మెషిన్, అయినా నమ్మకం పోయిన షాపులు, పబ్లిషర్లు పూర్తిగా తిరిగి రాలేదు. 2001 జనవరిలో సెగా హార్డ్‌వేర్ వదిలేస్తున్నట్టు ప్రకటించింది.

ముందు రావడం ఎప్పుడూ తప్పే అనడం లేదు. ఎక్స్‌బాక్స్ 360 ప్లేస్టేషన్ 3 కంటే ఏడాది ముందు, 2005లో వచ్చి నిజంగానే లాభపడింది. కానీ ఆ తొందరకి బిల్లు కూడా వచ్చింది. ఎర్ర లైట్లు వెలిగి మెషిన్లు చచ్చిపోయే సమస్యతో 2007లో వారంటీని మూడేళ్లకు పెంచి, దానికోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. అంత డబ్బు భరించగల కంపెనీ కాబట్టి నిలబడింది.

డెవలపర్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే బయట ఎక్కువగా చర్చకు రాని విషయమిది. కొత్త కన్సోల్ మీద పని మొదలుపెట్టాలంటే డెవ్‌కిట్ కావాలి, అంటే డెవలపర్ల కోసం ప్రత్యేకంగా ఇచ్చే మెషిన్. అది ఎన్ని నెలల ముందు వస్తుంది, ఎన్ని వస్తాయి, దాంతో వచ్చే టూల్స్ పనిచేస్తాయా లేదా అన్నవే లాంచ్ రోజున ఎన్ని గేములుంటాయో తేలుస్తాయి. ఒక కన్సోల్ కంపెనీ మాకు చెప్పిన తేదీకి కిట్లు ఇవ్వలేదు. వచ్చాక చూస్తే ఇరవైమంది ప్రోగ్రామర్లున్న టీమ్‌కి రెండే. షిఫ్టుల్లో వాడుకున్నారు, పొద్దున ఒకరు, రాత్రి ఒకరు. ఆ గేమ్ లాంచ్‌కి అందలేదు. బయట మాత్రం "ఈ కన్సోల్‌కి గేములు లేవు" అన్నారు.

ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్ కాగితం మీద అద్భుతం. దాని శక్తిని బయటికి తీయడం ఎంత కష్టమంటే, మొదటి ఏళ్లలో చాలా గేములు దానికంటే ఎక్స్‌బాక్స్ 360 మీదే బాగా నడిచేవి. 599 డాలర్ల ధర దానికి తోడైంది. తర్వాతి మెషిన్‌కి సోనీ ముందుగానే డెవలపర్ల దగ్గరకెళ్లి ఏం కావాలో అడిగి, పీసీల్లో వాడే తరహా చిప్‌నే తీసుకుంది. మా టీమ్‌లో ప్లేస్టేషన్ 4 మీద పని మొదలైన వారంలోనే ఆ తేడా తెలిసింది: గేమ్ తెర మీదకి రావడానికే నెలలు పట్టే బాధ పోయింది. శక్తి ఎంత అన్నదాని కంటే, ఆ శక్తి సగటు టీమ్‌కి ఎంత త్వరగా అందుతుంది అన్నదే చూడాలి.

మరి కొత్త తరహా మెషిన్? నాకు ఇష్టమైన దారి అదే, దాచుకోను. గేమ్ బాయ్, వీ, స్విచ్ మూడూ ఆ దారిలోనే గెలిచాయి. 1989లో గేమ్ బాయ్ నలుపు తెలుపు లాంటి మసక స్క్రీన్‌తో వచ్చింది, పోటీగా రంగుల స్క్రీన్లు వచ్చాయి. కానీ గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో చాలా గంటలు నడిచేది, సెగా గేమ్ గియర్ ఆరు బ్యాటరీలు మింగి కొద్ది గంటల్లో ఆగిపోయేది. ఈ మెషిన్లలో కొత్తదనం ఆటలో ఉంది, భాగాలు మాత్రం అప్పటికే చవకైన పాత టెక్నాలజీ. ఖర్చు తక్కువ కాబట్టి ప్రయోగం ఫెయిలైనా కంపెనీ మునగదు. ఖరీదైన కొత్త టెక్నాలజీ, కొత్త తరహా ఆట, పాత లైబ్రరీకి చెల్లుచీటీ, ఈ మూడూ ఒకే పెట్టెలో పెట్టడమంటే నేల విడిచి సాము చేయడమే.

క్లౌడ్ మీద నా అభిప్రాయం చిన్నది. అదనపు సౌకర్యంగా పెట్టండి, వ్యాపారమంతా దాని మీద పెట్టకండి. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో మొదలై 2023 జనవరిలో మూతపడింది. టెక్నాలజీ పనిచేసింది. కానీ అక్కడికి రావాలంటే గేములు మళ్లీ కొనాలి, స్నేహితులు వేరే చోట ఉన్నారు.

సబ్‌స్క్రిప్షన్ ఇంకాస్త చిక్కు. 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ నెల చందా సర్వీసు గేమ్ పాస్ ఆటగాడికి మంచి బేరం. పబ్లిషర్‌గా మాకు కూడా చిన్న గేములకి ముందే డబ్బు చేతికొచ్చే మార్గం. కానీ పెద్ద సొంత గేమ్‌ని మొదటి రోజే నెల చందాలో కలిపితే, 70 డాలర్లు పెట్టి కొనే అలవాటు మెల్లగా పోతుంది. ఒకసారి పోయాక తిరిగి తేవడం కష్టం. పాత గేములు, ఏడాది దాటినవి చందాలో పెట్టండి. కొత్త పెద్ద గేముల్ని అమ్మండి.

సొంత గేముల్ని పీసీకి, పోటీ కన్సోల్‌కి ఇవ్వాలా అని కూడా మీరు చివర్లో అడిగారు. పీసీకి ఏడాది, రెండేళ్ల తర్వాత ఇస్తే నష్టం తక్కువ, ఆదాయం నిజం. పోటీ కన్సోల్‌కి ఇవ్వడం వేరే కథ. మైక్రోసాఫ్ట్ 2024 నుంచి తన గేముల్ని ప్లేస్టేషన్ మీదకి తెస్తోంది. పెద్ద గేమ్ పబ్లిషర్ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని 6,870 కోట్ల డాలర్లకు కొన్న కంపెనీకి ఆ గేములు వీలైనన్ని చోట్ల అమ్ముడవడం అవసరం, కాబట్టి దాని లెక్క దానికి సరిపోవచ్చు. కానీ అలా ఇచ్చిన ప్రతి గేమ్‌తో "నీ పెట్టె నేనెందుకు కొనాలి" అన్న ప్రశ్నకి జవాబు ఒకటి తగ్గిపోతుంది. పబ్లిషర్‌గా మారాలనుకుంటే స్పష్టంగా మారండి. కన్సోల్ అమ్మాలనుకుంటే దానికి మాత్రమే సొంతమైనవి కొన్ని ఉంచుకోండి. మధ్యలో ఊగితే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

పాత కన్సోల్‌ని ఎలా సాగనంపాలన్నది చాలామంది ప్లాన్‌లో ఉండదు. 2021లో సోనీ ప్లేస్టేషన్ 3, వీటా (తన చేతి కన్సోల్) ఆన్‌లైన్ స్టోర్లు మూసేస్తామని ప్రకటించి, ఆటగాళ్లు గొడవ చేస్తే కొన్ని వారాల్లోనే వెనక్కి తగ్గింది. అక్కడ వచ్చే ఆదాయం చాలా తక్కువే అయ్యుండాలి. కానీ ఆ వార్త చదివిన ప్రతి ఆటగాడూ "రేపు నేను కొన్నవాటికీ ఇదే గతా?" అనుకుంటాడు. లాంచ్‌కి ఏడాది ముందూ వెనకా ఇలాంటి ప్రకటన చేయకండి. పెద్ద గేముల్ని మొదటి రెండేళ్లు రెండు కన్సోళ్లకీ ఇవ్వండి, సోనీ 2022లో హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌ని అలాగే ఇచ్చింది. "కొత్తదాని శక్తి వృథా అవుతోంది" అని కొందరు విసుక్కుంటారు. ఆ విసుగు భరించవచ్చు. కాకపోతే ఒకటి రెండు గేములు కొత్తదానికి మాత్రమే ఉండాలి, లేకపోతే వీ యూ దగ్గర చూసిన సమస్యే మళ్లీ.

ఇదంతా ఇప్పటికే జనం ఉన్న కంపెనీకి. చేతిలో ఏ లైబ్రరీ లేని కొత్త కంపెనీ అయితే కన్సోల్ జోలికి వెళ్లవద్దనే చెప్తాను. ఊయా అనే కంపెనీ 2012లో, జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్ మీద 85 లక్షల డాలర్లకు పైగా సేకరించి 99 డాలర్ల కన్సోల్ తెచ్చింది, దానికోసం కొనాలనిపించే గేములు లేక నిలవలేకపోయింది. వాల్వ్ కంపెనీ 2022లో స్టీమ్ డెక్ అనే చేతి మెషిన్ తెచ్చినప్పుడు, కొన్నవాళ్లకి అప్పటికే ఆ కంపెనీ పీసీ గేముల స్టోర్ స్టీమ్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న గేములున్నాయి. పెట్టె తెరిచిన రోజే వాటిలో చాలావరకు ఆడుకున్నారు.

మీరు అడుగుతున్నది ఏ కంపెనీ గురించో, దాని పాత కన్సోల్ అమ్మకాలు ఎన్నో, దాని మీద అమ్ముడైన గేముల్లో డిజిటల్ వాటా ఎంతో చెప్తే, ధర ఎక్కడ పెట్టాలన్నది లెక్క వేసి ఇంకాస్త కచ్చితంగా రాయగలను.